పాత డీజిల్ పికప్‌లో రెండో బ్యాటరీ ఎందుకు నిండలేదు

ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికి యజమాని రెండున్నరేళ్లలో మూడు బ్యాటరీలు మార్చాడు. మూడూ వెనక తొట్టిలో పెట్టిన రెండో బ్యాటరీలే. నాలుగోది వేయించుకోవడానికి వచ్చి, "అన్నా, ఈసారి 150 ఆంపియర్ అవర్లది పెట్టేద్దాం. అదైనా ఆగుతుంది కదా?" అని అడిగాడు.

"ముందు పాతవి ఎందుకు పోయాయో చూద్దాం తమ్ముడూ. అది తెలియకుండా కొత్తది పెడితే నాలుగోది కూడా అదే దారి పడుతుంది" అన్నాను. అప్పటికి నాకు కూడా కారణం ఒక్కటే ఉంటుందనిపించింది. చూస్తే నాలుగు తేలాయి.

బండి 30 ఏళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, మెకానికల్ ఇంజెక్షన్ పంపు, 12 వోల్టుల సిస్టమ్, నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపే 80 ఆంపియర్ల ఆల్టర్నేటర్. ఇలాంటి ఇంజిన్‌కు ఒకసారి స్టార్ట్ అయ్యాక కరెంటు పెద్దగా అక్కర్లేదు. ఇంధనాన్ని ఆపే సోలెనాయిడ్‌కు కాస్త అందితే చాలు, తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఛార్జింగ్ బలహీనంగా ఉన్నా ఏళ్ల తరబడి బయటపడదు. వెనక తొట్టికి మూత వేసి లోపల 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, ఎల్‌ఈడీ లైట్లు, కెమెరా బ్యాటరీలకూ లాప్‌టాప్‌కూ ఛార్జింగ్ పాయింట్లు పెట్టుకున్నాడు. అతను పక్షుల ఫొటోలు తీస్తాడు. సాయంత్రం ఒకచోట బండి ఆపితే మూడో రోజు ఉదయం దాకా కదలడు. తర్వాత గంటన్నరో రెండు గంటలో నడిపి ఇంకో చోట ఆపుతాడు. చివరికి బ్యాటరీ ఎంపికను తేల్చింది ఈ అలవాటే. మొదటి రోజు నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు.

అతను చెప్పిన ఇబ్బంది ఇదీ. మొదటి రాత్రి ఒంటిగంటకో రెండు గంటలకో ఫ్రిజ్ ఆగిపోతుంది. రెండో రాత్రి అసలు ఆన్ కాదు. మూడో రోజు ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. ఈ చివరిది విన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. రెండో బ్యాటరీ ఖాళీ అయితే ఫ్రిజ్ ఆగాలి గానీ ముందున్న బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతుంది?

పాత వైరింగ్

ముందు బ్యాటరీ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, మధ్యలో ఇగ్నిషన్ ఆన్ చేస్తే కలిసే సోలెనాయిడ్ స్విచ్, అక్కడి నుంచి వెనక్కి. పాజిటివ్ వైరు పొడవు 5.5 మీటర్లు. నెగటివ్‌కు వైరే లేదు, కరెంటు బండి ఇనుము గుండానే తిరిగొచ్చేలా తొట్టి బోల్టుకు ఎర్త్ ఇచ్చేశారు. ఫ్యూజ్ ముందు వైపు మాత్రమే ఉంది. ఇది నన్ను బాగా భయపెట్టిన విషయం. రెండు బ్యాటరీల మధ్య వైరుకు రెండు చివర్లా కరెంటు ఉంటుంది. మధ్యలో ఎక్కడ చాసిస్‌కు రాసుకుని ఇన్సులేషన్ పోయినా ముందు ఫ్యూజ్ ఎగిరిపోతుంది, కానీ వెనక బ్యాటరీ ఆ వైరును కాలుస్తూనే ఉంటుంది. ఆ వైరు డీజిల్ ట్యాంకు పక్కనుంచే పోతోంది.

వెనక పెట్టిన బ్యాటరీ మామూలు స్టార్టింగ్ బ్యాటరీ. ఇందులో ప్లేట్లు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసింది. సెల్ఫ్ 250 ఆంపియర్లు మూడు సెకన్లు లాగితే ఖర్చయ్యేది 0.2 ఆంపియర్ అవర్లే. అంటే స్టార్టింగ్ బ్యాటరీ జీవితమంతా దాదాపు నిండుగానే ఉండాలని దాని తయారీ. దాన్ని ఫ్రిజ్‌కు కట్టి రోజూ సగానికి పైగా ఖాళీ చేస్తే ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. దాని మీద రాసిన సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె చూసి చాలామంది మోసపోతారు. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, 7.2 వోల్టుల కంటే కిందికి పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చెప్పే అంకె అది. ఫ్రిజ్‌కు దానితో పనిలేదు. ఫ్రిజ్‌కు కావలసింది ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 20 గంటల పాటు 5 ఆంపియర్ల చొప్పున ఇవ్వగలదని అర్థం. అంతకంటే వేగంగా లాగితే లెడ్ యాసిడ్‌లో, అంటే ఇలాంటి సీసం, ఆమ్లం బ్యాటరీల్లో, ఆ లెక్క తగ్గుతుంది.

మూడో బ్యాటరీని రాత్రంతా అలాగే వదిలి ఉదయం చూశాను. 12.1 వోల్టులు. ఆమ్లం సాంద్రత చూపే హైడ్రోమీటర్‌తో ఐదు సెల్‌లు 1.200 దగ్గర ఉన్నాయి, ఒకటి 1.130. సెల్‌ల మధ్య అంత తేడా ఉంటే ఇక లాభం లేదు. మిగతా ఐదు సెల్‌లూ నిండాయని కూడా కాదు. నిండితే 1.265 పైన ఉండాలి. అంటే ఈ బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండలేదు, సగం నిండుతూ సగం ఖాళీ అవుతూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయింది.

కొలతలు

ఇంజిన్ బాగా వేడెక్కాక, 1500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేసి కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఆల్టర్నేటర్ అందంగా కనిపిస్తుంది. వేడెక్కాకే దాని అసలు బలం తెలుస్తుంది.

ఆల్టర్నేటర్ వెనక టెర్మినల్ దగ్గర 14.05 వోల్టులు. ముందు బ్యాటరీ దగ్గర 13.70. మధ్యలో 0.35 వోల్టులు పోతోంది. వెనక బ్యాటరీకి 20 ఆంపియర్లు వెళ్తున్నప్పుడు అక్కడ 12.82. ముందు నుంచి వెనక్కి ఇంకో 0.88 పోయింది. ఇది ఎక్కడ పోతోందో ఒక్కో ముక్కా కొలిచాను. వైరులో 0.32, సోలెనాయిడ్ కాంటాక్టుల్లో 0.11, ఫ్యూజ్ హోల్డర్‌లో 0.10, తొట్టికీ చాసిస్‌కూ మధ్య తుప్పు పట్టిన జాయింట్‌లో 0.35. వైరు సన్నగా ఉందని అందరూ అంటారు. ఇక్కడ వైరు కంటే ఎర్తే ఎక్కువ తిన్నది. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసను తొట్టి బోల్టు మీద పెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయే విషయం ఇది. రెండున్నరేళ్లు ఎవరూ ఆ పని చేయలేదంటే నాకు బాధేసింది.

బ్యాటరీ నిండుతున్న కొద్దీ కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే ఈ నష్టం కూడా తగ్గుతుంది. రోజంతా నడిపే బండి అయితే ఎలాగో చివరికి నిండేది. రెండు గంటల డ్రైవ్‌లో మాత్రం అది జరగదు. సన్నటి ధార కింద పెట్టిన కుండ నిండటం లేదని గంగాళం తెచ్చి పెట్టినట్టు ఉంటుంది 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వేస్తే.

ఇక ఉదయం సెల్ఫ్ బరువెక్కడం. తాళం తీసేశాక ముందు బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో ఆమ్మీటర్ పెట్టి చూస్తే 180 మిల్లీఆంపియర్లు. ఇంత పాత బండికి 50 కంటే తక్కువే ఉండాలి. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోతే తర్వాత వేయించుకున్న మ్యూజిక్ సిస్టమ్ ఆంప్లిఫయర్ దొరికింది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపారు, తాళంతో సంబంధం లేకుండా నిద్ర లేచే ఉంటోంది. మూడు రోజులకు 13 ఆంపియర్ అవర్లు అలా కారిపోతున్నాయి. దానికి తోడు సెల్ఫ్ తిప్పేటప్పుడు ఇంజిన్ బ్లాక్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.6 వోల్టుల తేడా. 0.2 లోపు ఉండాల్సింది. ఇంజిన్‌ను చాసిస్‌కు కలిపే అల్లిక ఎర్త్ పట్టీ సగం తెగిపోయి ఉంది.

ముందు బాగు చేసినవి

ఏ బ్యాటరీ కొనక ముందే ఇవి చేశాం. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే కేబుల్ మార్చి లావుది వేశాం. ఇంజిన్ ఎర్త్ పట్టీ కొత్తది, చాసిస్ దగ్గర పెయింట్ గీకి, బిగించాక మీద గ్రీజు పూశాం. బెల్టులు గట్టిపడి జారుతున్నాయి, జతగా మార్చాం. ఒక్కటే మారిస్తే కొత్తదే బరువంతా మోస్తుంది. ఆంప్లిఫయర్‌ను ఇగ్నిషన్ రిలే కిందికి తెచ్చాం. ఆ తర్వాత అదే వేడిలో, అదే లోడ్‌లో ముందు బ్యాటరీ దగ్గర 13.95 వోల్టులు వచ్చాయి. తాళం తీశాక పోయే కరెంటు 25 మిల్లీఆంపియర్లకు దిగింది.

ముందు బ్యాటరీ

అతనికి సీల్డ్ కాల్షియం బ్యాటరీ కావాలి, నీళ్లు పోసే పని ఉండదని. నేను వద్దన్నాను. పూర్తి కాల్షియం ప్లేట్ల బ్యాటరీ సరిగ్గా నిండాలంటే 14.4 వోల్టులు, ఆ పైన కావాలి. ఈ ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ 14 దగ్గరే ఆగిపోతుంది. ఆ ఖాతాలో ఏజీఎం (ఆమ్లాన్ని గాజు నార పొరల్లో పీల్చి ఉంచే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ) కూడా పోయింది. పైగా బానెట్ కింద వేడి. బ్యాటరీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అవుతుంది, ఏజీఎంలో ఆవిరైన నీటిని తిరిగి పోయడానికి మూత తీసే వీలు కూడా లేదు. అందుకే మూతలున్న మామూలు బ్యాటరీ, బండి కంపెనీ అడిగిన సీసీఏ కంటే కాస్త ఎక్కువది తీసుకున్నాం. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుంటానని మాట ఇచ్చాడు. పాత బండ్లకు బ్యాటరీ కొనేటప్పుడు ఎత్తు తప్పకుండా కొలవండి. పొడుగ్గా ఉన్న బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బానెట్‌కు తగిలి మంట వచ్చిన బండిని నేను చూశాను.

ఇంకో మాట. పాత డీజిల్ పికప్‌లు కొన్ని ఫ్యాక్టరీ నుంచే రెండు బ్యాటరీలతో వస్తాయి. చలిలో ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్‌లకూ సెల్ఫ్‌కూ బలం చాలాలని ఆ రెండింటినీ సమాంతరంగా కలిపి ఉంచుతారు. డ్యూయల్ బ్యాటరీ అంటే మనం అనుకునే ఏర్పాటు అది కాదు. అక్కడ ఫ్రిజ్ కడితే రెండూ కలిసే ఖాళీ అవుతాయి.

రెండో బ్యాటరీ ఎంపిక

ఈ వోల్టేజ్, వేడి సంగతులన్నీ తేలక ముందు నా మొదటి ప్రతిపాదన 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం, బానెట్ కింద ఖాళీగా ఉన్న రెండో వైపు ట్రేలో, మధ్యలో వోల్టేజ్ రిలే. రెండు బ్యాటరీలూ దగ్గరగా ఉంటాయి, కేబుల్ ఒక మీటరు, ఖర్చు తక్కువ. ముందు బ్యాటరీ 13.3 వోల్టులు దాటగానే రిలే కలుపుతుంది, 12.8కి పడగానే విడదీస్తుంది. పాత ఆల్టర్నేటర్లు వోల్టేజ్‌ను స్థిరంగా ఇస్తాయి కాబట్టి వాటికి ఈ రిలే చక్కగా పనిచేస్తుంది. చాలా బండ్లకు ఇదే వేశాను, ఇప్పటికీ వేస్తాను.

రెండు విషయాలు దీన్ని మార్చాయి. ఆ ట్రే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు ఉంది. కొండెక్కి వచ్చి ఇంజిన్ ఆపాక అక్కడ థర్మామీటర్ పెడితే 70 డిగ్రీలు దాటింది. ఆ వేడిలో ఏ బ్యాటరీ పెట్టినా అన్యాయమే.

రెండోది అతని వాడకం లెక్క. కూర్చుని రాశాం. ఫ్రిజ్ నడిచేటప్పుడు 4.5 ఆంపియర్లు తీసుకుంటుంది, మూడో వంతు సమయం నడుస్తుంది, రోజుకు 36 ఆంపియర్ అవర్లు. లైట్లు 6. లాప్‌టాప్, కెమెరా బ్యాటరీలు 8. మొత్తం 50. సాయంత్రం ఆపి మూడో రోజు ఉదయం కదిలితే 36 గంటలు, అంటే 75 ఆంపియర్ అవర్లు. ఏజీఎంను సగానికి మించి ఖాళీ చేయకూడదనుకుంటే 150 ఆంపియర్ అవర్లది కావాలి. అది 45 కిలోల దాకా తూగుతుంది. సరే, మోద్దాం. కానీ నింపేది ఎప్పుడు? లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏదైనా 80 శాతం వరకు గబగబా తీసుకుంటుంది. చివరి 20 శాతానికి, ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా, మూడు నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఇతను నడిపేది రెండు గంటలు. మళ్లీ ఎప్పటికీ నిండని బ్యాటరీ, మళ్లీ సల్ఫేట్. పాత మూడింటికీ పట్టిన గతే.

పాత బండ్లలో లిథియం అంటే నేను సాధారణంగా వెనకాడతాను. ఇక్కడ మాత్రం అదే సరైనదనిపించింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు నిండే వరకు ఒకే వేగంతో ఛార్జ్ తీసుకుంటుంది. సగం నిండి ఉండిపోయినా దానికి నష్టం లేదు. ఇతని జీవితానికి సరిపోయిన గుణం ఇదే. 100 ఆంపియర్ అవర్లది 12 కిలోలు, అందులో 80 నిశ్చింతగా వాడుకోవచ్చు. గడ్డకట్టే చలిలో, సున్నా డిగ్రీల కింద, ఛార్జ్ చేయకూడదని మాత్రం గట్టిగా చెప్పాను.

దాన్ని నేరుగా ఆల్టర్నేటర్‌కు కలపకూడదు. లిథియం లోపలి నిరోధం చాలా తక్కువ, ఇచ్చినంతా లాగేస్తుంది. 80 ఆంపియర్ల పాత ఆల్టర్నేటర్ నిండు లోడ్‌లో గంటల తరబడి నడిస్తే వైండింగ్ కాలిపోతుంది. ఇంకో ప్రమాదం, బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ ఏదైనా కారణంతో ఒక్కసారిగా తెగ్గొడితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎగిసి డయోడ్లు పోతాయి. అందుకే మధ్యలో, హద్దు మేరకే కరెంటు తీసుకుని రెండో బ్యాటరీకి కావలసిన వోల్టేజ్‌లో ఇచ్చే 25 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్. అది ముందు నుంచి 29 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ కలిపి 20 పైన. నడుస్తున్నప్పుడు ఈ ఆల్టర్నేటర్ అదంతా మోయగలదు. ఐడిల్‌లో వేడెక్కాక 30 ఆంపియర్లకు మించి ఇవ్వడం లేదు కాబట్టి బండి ఆపి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఛార్జ్ చేయడం మానుకోమన్నాను. 40 ఆంపియర్ల ఛార్జర్ పెడదామని అతను ఆశపడ్డాడు, ఒప్పుకోలేదు.

రెండు గంటల డ్రైవ్‌కు 50 ఆంపియర్ అవర్లు. మిగిలిన 25కి 120 వాట్ల మడతపెట్టే సోలార్ ప్యానెల్. మంచి ఎండలో నాలుగైదు గంటలు పెడితే అంత వస్తుంది. చెట్ల నీడలో రాదు, బండిని నీడలో, ప్యానెల్‌ను ఎండలో పెట్టుకునేంత పొడవు వైరు ఇచ్చాను.

బండి ఎక్కడైనా చిక్కుకుంటే తాడుతో లాగే వించ్ కూడా రెండో బ్యాటరీకి కలపమన్నాడు. నిండు లాగుడులో వించ్ 400 ఆంపియర్లు తీసుకుంటుంది, ఈ బ్యాటరీ బీఎంఎస్ హద్దు 100. వించ్ ముందు బ్యాటరీ మీదే, ఇంజిన్ నడుస్తుండగానే. అలాగే రెండో బ్యాటరీతో ఇంజిన్ స్టార్ట్ చేసుకోవచ్చన్న భరోసా ఇక లేదు కాబట్టి విడిగా ఒక జంప్ స్టార్టర్ పెట్టుకోమన్నాను.

వైరింగ్

పాజిటివ్, నెగటివ్ రెండూ 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, వెనక దాకా. రానూపోనూ 11 మీటర్లు, 30 ఆంపియర్లకు 0.36 వోల్టులు పోతుంది. ఛార్జర్ వోల్టేజ్ పెంచుకుంటుంది కాబట్టి పర్వాలేదు. ఛార్జర్‌ను రెండో బ్యాటరీ పక్కనే బిగించాం. రెండు చివర్లా, బ్యాటరీకి జానెడు దూరంలో 50 ఆంపియర్ల ఫ్యూజులు. లగ్‌లు హైడ్రాలిక్ క్రింపింగ్‌తో వేశాం. సోల్డర్ చేస్తే తీగలు గట్టిపడి, గతుకుల రోడ్డు మీద సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతాయి. కేబుల్ లోహం గుండా వెళ్లే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేశాం. బ్యాటరీ కింద రబ్బరు, మీద స్టీల్ పట్టీ. నిండుదనం చూసుకోవడానికి, వచ్చే పోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టాం. లిథియంలో వోల్టేజ్ దాదాపు చివరి దాకా ఒకేలా ఉంటుంది, దాన్ని చూసి ఎంత మిగిలిందో చెప్పలేం.

నేను వదిలేసింది

రెండు వారాలకు ఫోన్. "అన్నా, రెండో రాత్రి ఫ్రిజ్ మళ్లీ ఆగింది. మీటర్ మాత్రం 55 శాతం ఉందంటోంది." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాటరీ 13.0 చూపిస్తోంది, బండి తెచ్చాక ఫ్రిజ్ నడుస్తుండగా దాని ప్లగ్ దగ్గర కొలిస్తే 11.6. ఫ్రిజ్ సాకెట్ వరకు ఉన్న పాత 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును, సిగరెట్ లైటర్ రకం సాకెట్‌ను నేను ముట్టుకోలేదు. వైరులో 0.3 వోల్టులు, మిగతాదంతా వదులైన సాకెట్‌లోనే. పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఫ్రిజ్‌లోని బ్యాటరీ రక్షణ సెట్టింగ్ 'హై'లో ఉంది, ఆ వోల్టేజ్ చూసి బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఆపేస్తోంది. బహుశా పాత మూడు బ్యాటరీలతో రాత్రి ఒంటిగంటకు ఆగిపోవడంలో కూడా దీని వాటా ఉంది. చివరి గజం వైరు దాకా కొలవకుండా బండి అప్పగించడం నా తప్పు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా లాగి, తాళం పడే రెండు పిన్నుల కనెక్టర్ వేశాను, సెట్టింగ్ 'లో'కి మార్చాను. ప్లగ్ దగ్గర 12.85 వచ్చింది. ఈ పనికి డబ్బు తీసుకోలేదు.

మూడో నెలలో మళ్లీ చూశాను. ముందు బ్యాటరీ రాత్రంతా ఉంచాక 12.65, సెల్ఫ్ తిప్పేటప్పుడు 10.4 కంటే కిందికి పడలేదు. రెండో బ్యాటరీ ఈ మూడు నెలల్లో అత్యంత తక్కువగా 22 శాతానికి వెళ్లింది, అదీ రెండు రోజులు మబ్బు పట్టినప్పుడు. ఇంజిన్ ఎర్త్ బోల్టు కొద్దిగా వదులైంది, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించాను. ముందు బ్యాటరీలో రెండు సెల్‌లకు నీళ్లు తక్కువున్నాయి. మాట ఇచ్చినట్టు చూసుకోలేదు. పోయించాను.

ఇప్పుడతను 1000 వాట్ల ఇన్వర్టర్ గురించి అడుగుతున్నాడు. అది నిండుగా నడిస్తే 12 వోల్టుల వైపు దాదాపు 90 ఆంపియర్లు. బీఎంఎస్ హద్దుకు అంగుళం దూరం. దేనికి, రోజుకు ఎన్ని నిమిషాలు వాడతాడో కాగితం మీద రాసుకుని రమ్మన్నాను.